పలకనివాళ్ల చీటీలు

పిడుగు పేరుకి తగ్గ మనిషి. కీబోర్డు మీద ఆమె వేళ్లు పడుతుంటే పక్క టేబుల్ వాళ్లు కిటికీ వైపు తిరిగి, వాన మొదలైందా అని చూస్తారు. ఆ పేరు పెట్టింది అన్నయ్య. చిన్నప్పుడు గోడ గడియారాన్ని విప్పి, మళ్లీ బిగించి, చేతిలో మిగిలిపోయిన మరల్ని మంచం కిందికి తోసేసి, "తిరుగుతోందిగా, ఇంకేం కావాలి?" అని ఎదురు ప్రశ్న వేసిన రోజున పెట్టాడు. గడియారం తిరిగిన మాట నిజమే. కాకపోతే రోజూ కొంచెం వెనకబడేది. ఇంట్లోవాళ్లు ఎందుకు అన్నిటికీ ఆలస్యం అవుతున్నారో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు.

పెద్దయ్యాక అన్నయ్య లిఫ్ట్ మెకానిక్ అయ్యాడు. పిడుగు మరలు లేని యంత్రాల్లోకి వెళ్లింది. ఊళ్లో ఒంటరిగా పనిచేసే వాళ్లు చాలామంది ఉంటారు, మనకి కనబడరు గానీ. లిఫ్టుల కింద గోతుల్లోకి దిగేవాళ్లు, నీళ్ల ట్యాంకులు కడిగేవాళ్లు, టవర్లు ఎక్కేవాళ్లు. వాళ్లలో ఎవరికైనా ఏదైనా అయితే పక్కన చూసే నాథుడు ఉండడు. వాళ్ల కోసం పిడుగు ఒక యాప్ రాసింది. దానికి కంపెనీ పెట్టిన పేరు ఒకటుంది, అది ఎవరికీ గుర్తుండదు. అందరూ గంట అనే అంటారు.

పనిలోకి దిగేముందు మనిషి తను ఎక్కడున్నాడో ఫోన్‌లో చెప్పి డ్యూటీ "ఎక్కాను" అని నొక్కాలి. ఆ తర్వాత అరగంటకోసారి ఫోన్ వణికి "బాగున్నారా?" అని అడుగుతుంది. పచ్చ మీట నొక్కితే సరే. నొక్కకపోతే కాసేపు ఓపిక పట్టి, ఆపైన ఆఫీసు గోడ మీదున్న పెద్ద తెర మీద అతని గడి ఎర్రబడుతుంది, ఇక్కడా అక్కడా గంట మోగుతుంది. ఆ తెర ముందు రోజంతా కూర్చునే ఆవిడని అందరూ బోర్డు అక్క అంటారు. ఆవిడ ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే మనిషిని పంపిస్తుంది. పని అయిపోయాక "దిగాను" అని నొక్కాలి. అది మాత్రం పనివాడే నొక్కాలి. మోగిన గంటని ఆపాలన్నా పనివాడే నొక్కాలి. ఇంకెవరి చేతికీ ఆ మీట ఇవ్వలేదు. అవతల మనిషి పడిపోయి ఉంటే ఏ మేనేజరో ఆఫీసులో కూర్చుని అతని తరఫున నొక్కేస్తే ఏం కాను?

అన్నయ్య వాళ్ల కంపెనీని ఇందులో చేర్పించింది పిడుగే. అందుకే అన్నయ్య భోజనానికి కూర్చున్నాడంటే గంట మోగాల్సిందే.

"మళ్లీ మర్చిపోయావా?" అంది పిడుగు ఆ రోజు, ఎదురుగా కూర్చుని.

"ఏంటే?"

"దిగాను నొక్కడం."

"దిగాను కదా, ఇంటికొచ్చాను కదా, కుర్చీలో ఇంత ఒళ్లేసుకుని కూర్చున్నాను కదా! నీ యాప్‌కి కళ్లు లేవా?"

"కళ్లు లేవు. చెవులే."

"మీ అన్నయ్యకి ఆ గంట మోగితేగానీ ముద్ద దిగదులే," అంది వదిన, గిన్నె తెచ్చి పెడుతూ. "ఇంట్లో పెళ్లాంతో మాటలుండవు గానీ, ఆ బోర్డు అక్కతో రోజూ ముచ్చట్లు."

ఫోన్ మోగనే మోగింది. బోర్డు అక్క గొంతు గదంతా వినిపించింది. "ఏం తమ్ముడూ, బతికే ఉన్నావా?"

"ఉన్నానక్కా. మీ మరదలు వడ్డిస్తోంది. ఆ తర్వాత సంగతి చెప్పలేను."

నవ్వుకున్నారు. అన్నయ్య పచ్చ మీటా, దిగాను మీటా రెండూ నొక్కి ఫోన్ పక్కన పెట్టాడు. పెట్టి, కొంచెం ఆగి అడిగాడు. "నిజంగానే ఏదైనా అయిందనుకో. గోతిలో పడ్డాను. ఫోన్ ఎగిరి ఎక్కడో పడింది. అప్పుడెలా నొక్కేది?"

పిడుగు కళ్లు మెరిశాయి. ఈ ప్రశ్న ఎవరైనా అడగాలనే ఆమె బతుకుతోంది. "నొక్కక్కర్లేదు! అదే కదా దాని గొప్ప. అరవక్కర్లేదు, కేకెయ్యక్కర్లేదు. నువ్వు పలక్కపోతే చాలు, అదే అరుస్తుంది."

"అబ్బో! నోరు మూసుకుని పడుంటే చాలు, సాయం దానంతటదే నడిచొస్తుందన్నమాట. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను చేస్తున్నదదే, ఇంతవరకూ ఎవరూ రాలేదు."

వదిన గరిటెతో భుజం మీద ఒక్కటి వేసింది.

అన్నయ్య మాత్రం ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

*

గంట వెనకున్న ఏర్పాటు చాలా చిన్నది. ఒక అద్దె సర్వర్, అంతే. దాని బాగోగులన్నీ అద్దెకిచ్చినవాళ్లే చూసుకుంటారు. తాళాలు మార్చడం, అప్‌డేట్లు, పాడైతే బాగుచెయ్యడం, అన్నీ వాళ్లే. మనకి ఒక పేజీ ఇస్తారు, అందులో నాలుగు మీటలు, రెండు గీతలు. ఒక గీత సర్వర్ ఎంత కష్టపడుతోందో చూపిస్తుంది, ఇంకోటి మెమరీ ఎంత నిండిందో చూపిస్తుంది. ఆ సర్వర్‌లో గంట యాప్ ఉంటుంది. దాని పక్కనే, అదే సర్వర్‌లో, ఒక డేటాబేస్. అది మామూలు డేటాబేస్ లాగా డిస్కు మీద రాసుకోదు. అన్నీ మెమరీలోనే పెట్టుకుంటుంది, మనం నోటికి గుర్తుంచుకున్నట్టు. అందుకే అడిగీ అడగ్గానే జవాబు చెప్తుంది.

రెండిటినీ వేరువేరు సర్వర్లలో పెడదామని పిడుగు మొదట్లో అడిగింది. బాస్ నవ్వాడు. "కొత్త కాపురం కదమ్మా, ఒకే గదిలో సర్దుకోనీ. పిల్లాజెల్లా పుట్టుకొచ్చాక ఇల్లు మారుద్దాం."

ఆమె కూడా గట్టిగా పట్టుబట్టలేదు. పక్కపక్కనే ఉంటే ఆ వేగమే వేరు మరి, మధ్యలో వైర్లు లేవు, దారి లేదు, గోడకి ఇవతల అడిగితే అవతల నుంచి జవాబు. చూసి మురిసిపోయింది. పనివాడు ఎక్కాను అని నొక్కగానే అతని పేరు మీద మెమరీలో ఒక చీటీ పుడుతుంది. అతను ఎవరు, ఇవాళ ఎక్కడ పనిచేస్తున్నాడు, అంతా ఆ చీటీలోనే. పచ్చ మీట నొక్కినప్పుడల్లా ఆ చీటీని తాకినట్టు. దిగాను అంటే చీటీ చింపేసినట్టు.

ఇక్కడే ఆమె ఒక ఉపాయం చేసింది. ఏ చీటీని తాకి ఎంతసేపైందో ఆ డేటాబేస్ తనంతట తనే లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఎలాగూ అది లెక్కపెడుతున్నప్పుడు మళ్లీ మనం ఇంకో లెక్క రాయడం దేనికి? దాన్నే అడిగితే పోలా? అరగంట దాటి తాకని చీటీ ఏదైనా ఉందా అని అడుగు, ఉంటే గంట కొట్టు. రెండు పేజీల ప్రోగ్రాం నాలుగు వరసల్లో తేలిపోయింది. ఆ సాయంత్రం కనబడ్డవాళ్లందరినీ పిలిచి చూపించింది.

ఇంకో చిన్న అమరిక కూడా పెట్టింది. యాప్, డేటాబేస్ ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి, డేటాబేస్ మెమరీ మొత్తం తినేస్తే యాప్ ఊపిరాడక చస్తుంది. ఒకే ఒరలో రెండు కత్తులు. అందుకని డేటాబేస్‌కి ఒక హద్దు గీసింది. హద్దు నిండితే ఏం చెయ్యాలి? కొత్త చీటీలు వద్దని మొండికెయ్యొచ్చు, లేదా పాతవాటిని పారేసి చోటు చెయ్యొచ్చు. ఆమె ఇంతకుముందు పనిచేసింది బట్టలమ్మే యాప్‌లో. అక్కడ ఎవరూ అడగని చొక్కా వివరాలని ముందు పారేసేవాళ్లు. ఆ అలవాటే ఇక్కడా వచ్చేసింది. ఎక్కువసేపటి నుంచి ఎవరూ తాకని చీటీని ముందు తీసెయ్ అని రాసి, టీ తాగడానికి వెళ్లింది.

ఒక్క క్షణం ఆగి ఉంటే తెలిసేది. బట్టల కొట్లో ఎవరూ తాకనిది ఎవరికీ అక్కర్లేనిది. ఇక్కడ ఎవరూ తాకనిది గోతిలో పడినవాడి చీటీ. కానీ ఆ హద్దు అసలు నిండితే కదా, చీటీలు చూస్తే చీమ తలకాయంత. ఏళ్లు గడిచినా నిండదు అనుకుంది. అది తిరుగుతోంది కూడా.

*

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. ఆఫీసులో ఏసీ కింద పెట్టిన బకెట్‌లో చుక్కలు పడుతున్నాయి, కిటికీ అవతలా పడుతున్నాయి. కొత్త కస్టమర్ వచ్చాడు. బిల్డింగులకి కాపలావాళ్లని పంపే పెద్ద కంపెనీ. వాళ్ల మనుషులందరూ మధ్యాహ్నం నుంచి గంటలోకి రావాలి. బాస్ కాలు ఒకచోట నిలవడం లేదు.

"బోర్డు మీద ఉత్త పేర్లేంటమ్మా, బోసిగా ఉంది. అందరి మొహాలూ కనబడాలి. కస్టమర్ వచ్చి చూస్తే కళ్లు చెదరాలి."

"ఫోటోలు డిస్కు మీద పెడితే కొంచెం నెమ్మదిగా వస్తాయి సార్."

"మరి ఆ మెమరీలో పెట్టెయ్. టపటపా రావాలి."

పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు మొహాలు రావడం మొదలైంది. పేజీలో మెమరీ గీత పొయ్యి మీది పాలలాగా పైకి లేచింది, లేచింది, అంచు దాకా వచ్చింది. పిడుగు పెదవి కొరుక్కుంటూ చూసింది. పొంగలేదు. అంచు దగ్గర తిన్నగా, గీత గీసినట్టు ఆగిపోయింది.

"చూశారా!" అంది కుర్చీలో ఎగిరినంత పనిచేసి. "పడిపోలేదు. నేను పెట్టిన హద్దు పనిచేసింది."

బాస్ చప్పట్లు కొట్టాడు. బోర్డంతా మొహాలు, అన్నీ పచ్చగా. పంట చేను లాగుందన్నాడు.

కాసేపటికి వదిన ఫోన్ చేసింది. వదిన కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తుంది. వెనక మిషన్ల చప్పుడు.

"మీ అన్నయ్య ఫోన్ ఎత్తడం లేదు. నా మిషన్ పెడల్ చూడ్డానికి మధ్యాహ్నం వస్తానన్నాడు. గంట ఏమైనా మోగిందా?"

పిడుగు బోర్డు వైపు తలెత్తి చూసింది. ఎక్కడా ఎరుపు లేదు. "లేదు వదినా. అంతా పచ్చగానే ఉంది. చేతులకి గ్రీజు ఉండుంటుంది, ఎత్తుండడు."

"అంతేనంటావా?"

"అంతే. ఏదైనా అయితే నీకంటే ముందు నాకు తెలుస్తుంది."

"సరేలే. నువ్వు చెప్పాక ఇంకేముంది," అని పెట్టేసింది వదిన.

పిడుగు మళ్లీ పనిలో పడింది. కొత్త కాపలావాళ్లలో కొందరికి మీట ఎక్కడుందో తెలియలేదు, ఒకతను తన ఫోటో బాగాలేదని గొడవపడ్డాడు. వాన పెరిగింది. వదిన మళ్లీ ఫోన్ చేసేసరికి బకెట్ సగం నిండింది.

"మోగుతూనే ఉంది, ఎత్తట్లేదు. ఇన్నిసార్లు చేస్తే తిట్టడానికైనా ఎత్తేవాడు. నువ్వొక్కసారి సరిగ్గా చూడవూ?"

పిడుగు లేచి బోర్డు దగ్గరకి నడిచింది. ఎరుపు కోసం వెతకడం మానేసి, ఈసారి అన్నయ్య గడి కోసం వెతికింది. మొహాల మధ్య వేలు పెట్టి వరసలవారీగా చూసింది. లేదు.

"అక్కా, మా అన్నయ్య ఏడీ?"

"తమ్ముడా? పొద్దున ఎక్కాడమ్మా, నేనే చూశా." బోర్డు అక్క కళ్లజోడు సర్దుకుంది. "ఈ ఫోటోల హడావిడయ్యాక చూస్తే లేడు. దిగిపోయాడులే అనుకున్నా."

"దిగాను నొక్కాడా?"

"నొక్కే ఉంటాడు. లేకపోతే గడి ఎందుకు పోతుంది?"

అన్నయ్య దిగాను నొక్కడు. ఏనాడూ తనంతట తను నొక్కలేదు. బోర్డు అక్క ఫోన్ చేసి గుర్తుచేస్తేగానీ నొక్కడు.

కుర్చీలో కూలబడి డేటాబేస్‌ని అడిగింది. అన్నయ్య చీటీ చూపించు. లేదు అంది. మెమరీ నిండి ఎన్ని చీటీలు పారేశావు అని అడిగింది. అది చెప్పిన అంకెని రెండుసార్లు చదువుకుంది.

పారేసింది అన్నయ్య ఒక్కడి చీటీనే కాదు. ఫోటోలకి చోటు కోసం, తాకి ఎక్కువసేపైన చీటీలన్నిటినీ వరసగా తీసేసింది. కానీ మిగిలినవాళ్లు బాగున్నారు. ట్యాంకు కడిగేవాడు భోజనం చేసొచ్చి పచ్చ మీట నొక్కాడు, చీటీ మళ్లీ పుట్టింది. టవర్ ఎక్కినవాడు కిందికి దిగి నొక్కాడు, మళ్లీ పుట్టింది. తాము కాసేపు లేకుండా పోయామని వాళ్లకి తెలియనే తెలియదు, బోర్డు అక్కకీ తెలియదు. నొక్కగలిగినవాళ్లందరూ తిరిగొచ్చారు. నొక్కలేనివాడు ఒక్కడే రాలేదు. చీటీ లేనివాడు పలికాడా లేదా అని గంట అడగదు.

అన్నయ్య ఎక్కడ పనిచేస్తున్నాడో ఆ చీటీలోనే రాసుంది.

*

లిఫ్ట్ కంపెనీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే అతను ఆవులించాడు. "ఇవాళ నాలుగైదు చోట్ల పనులున్నాయమ్మా. ఏది ముందు చేస్తాడో అతనిష్టం. మీ యాప్‌లో ఉంటుందిగా? అది వచ్చాక మేం రాసుకోవడం మానేశాం."

"మా యాప్‌లో లేదు."

"లేకపోవడమేంటి?"

ఆమె ఫోన్ పెట్టేసి వదినకి చేసింది. "వదినా, పొద్దున వెళ్లేటప్పుడు ఎక్కడికని చెప్పాడు?"

"అదేంటి, నీకు తెలియదా?" అంది వదిన. "ఏమన్నాడు... ఏమన్నాడు... చేపలు. చేపల తొట్టె ఉన్న బిల్డింగు. పోయినసారి వెళ్లినప్పుడు అందులో చేపలు చచ్చి తేలుతున్నాయట, ఎవరూ తియ్యలేదట. ఇవాళైనా తీశారో లేదో చూడాలి అన్నాడు. కింద పళ్ల డాక్టరు ఉంటాడట."

సూపర్‌వైజర్‌కి ఆ మాట చెప్పగానే ఆవులింత ఆగిపోయింది. "ఆ, అదా! తెలుసు. అడ్రస్ పంపిస్తా, నేనూ బయల్దేరుతున్నా."

పిడుగు వానలో తడుస్తూ ఆటో పట్టుకుని వెళ్లింది. దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా అన్నయ్య నంబర్ నొక్కుతూనే ఉంది. ఆ బిల్డింగు హాల్లోకి అడుగు పెట్టగానే ఆమెకి అన్నయ్య ఫోన్ మోత వినబడింది, సన్నగా, కింద నుంచి. పళ్ల డాక్టరు దగ్గరకి వచ్చినవాళ్లు బుగ్గలు పట్టుకుని బెంచీల మీద కూర్చున్నారు. లిఫ్ట్ తలుపుకి "మరమ్మతు జరుగుతోంది" అని అట్ట ముక్క వేలాడుతోంది. ఇద్దరు మనుషులు మెట్లెక్కుతూ లిఫ్ట్ బాగుచెయ్యడానికి ఇంతసేపా అని విసుక్కుంటున్నారు. చేపల తొట్టె ఖాళీగా ఉంది.

"ఆ ఫోన్ ఎప్పట్నుంచి మోగుతోంది?" అని అరిచింది పిడుగు.

"మధ్యాహ్నం నుంచీ మోగుతూనే ఉందండీ," అంది బెంచీ మీదున్నావిడ. "ఎవరో మర్చిపోయారనుకున్నాం."

సూపర్‌వైజర్ వచ్చి తాళం తిప్పి తలుపు తీశాడు. కింద గోతిలో, అతని టార్చి వెలుగులో, అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లిఫ్ట్‌కి ఎదురు బరువుగా వేలాడే ఇనప దిమ్మె కిందికి జారి అతని కుడి కాలి మీద కూర్చుంది. మొహం సున్నం కొట్టినట్టుంది. ఫోన్ అవతలి మూల, చేతికి అందని దూరంలో, వెలిగి ఆరుతోంది.

అన్నయ్య తలెత్తి ఆమెని చూశాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"వచ్చావా," అన్నాడు. "మోగిందా?"

"మాట్లాడకు అన్నయ్యా. ఊపిరి పీల్చుకో."

*

మోకాలి కింద నుంచి తీసేశారు. "ఇంకాస్త ముందు తెచ్చుంటే," అని మొదలుపెట్టిన డాక్టరు, వదిన మొహం చూసి మిగతాది మింగేశాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి అన్నయ్య మాట్లాడటం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లందరికీ అదే కథ.

"పైన అందరి అడుగులూ వినబడుతూనే ఉన్నాయి. ఒక పిల్లాడు పన్ను పీకించుకోనని ఒకటే ఏడుపు. ఆ గోల విని నవ్వొచ్చింది కూడా. కేకేద్దామా అనుకున్నా. మొదట్లో ఓపికుంది, వేస్తే వినబడేదే. కానీ దేనికి? ఊపిరి దండగ. మా పిడుగు చెప్పింది కదా, పలక్కపోతే చాలని. నోరు మూసుకుని కూర్చున్నా. అరగంట అయ్యుంటుంది, గంట మోగుంటుంది, మూలన ఫోన్ మోగుతుంటే బోర్డు అక్కే చేస్తోంది, బయల్దేరుంటారు అనుకున్నా. వాన కదా, ట్రాఫిక్ ఉంటుందిలే అనుకున్నా. ఆ తర్వాత అరుద్దామంటే గొంతు రాలేదు."

విన్నవాళ్లు పిడుగు వైపు చూసి, "ఎంత తెలివైన చెల్లెలయ్యా," అన్నారు.

బాస్ పళ్ల బుట్టతో వచ్చాడు. జరిగిందంతా పిడుగు అతనికి ముందే చెప్పింది. ఆ రాత్రికి రాత్రే అతను వేరే సర్వర్ ఇప్పించాడు. డేటాబేస్ ఇప్పుడు తన గదిలో తనుంది, ఏ చీటీనీ పారెయ్యదు. ఒకవేళ పోయినా, ఫోన్లే తమ సంగతి మళ్లీ చెప్పుకునేలా ఆమె మార్చింది. బాస్ ఆమెని వరండాలోకి పిలిచాడు.

"మీ అన్నయ్య గంటే బతికించిందంటున్నాడు. అననీ. మంచి మాటే కదా. కస్టమర్లకి కూడా అదే చెప్దాం."

"అది మోగలేదు సార్."

"సరిచేశావా లేదా? తిరుగుతోందిగా ఇప్పుడు, ఇంకేం కావాలి?"

ఆ మాట చిన్నప్పుడు తనే అన్నదని పిడుగుకి గుర్తొచ్చింది.

బాస్ వెళ్లాక వదిన వచ్చి పక్కన నిలబడింది. చేతిలో అన్నయ్య ఫోన్. అద్దం పగిలింది. సూపర్‌వైజర్ గోతిలో నుంచి తీసి తెచ్చిచ్చాడట.

"నేను ఆయనకి ఏం చెప్పలేదు," అంది వదిన. ఆమె గొంతులో కోపం లేదు, అదే భరించలేకుండా ఉంది. "నువ్వు చెప్తావో, చెప్పవో నీ ఇష్టం. నేను నీకు ఫోన్ చేశాను. అంతా పచ్చగా ఉందన్నావు. నీ మాట నమ్మి మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాను. మూడు కర్టెన్లు కుట్టాను. ఒకదానికి అంచు వంకరొస్తే విప్పి మళ్లీ కుట్టాను."



వదిన లోపలికెళ్లి ఫోన్‌కి చార్జింగ్ పెట్టి, మందులు తేవడానికి కిందికి వెళ్లిపోయింది.

అన్నయ్య కిటికీ వైపు చూస్తున్నాడు. దుప్పటి ఒక కాలి దగ్గర ఎత్తుగా ఉంది, ఇంకో కాలి దగ్గర చదునుగా ఉంది. పిడుగు కుర్చీ దగ్గరకి లాక్కుంది. వేళ్లు ఒడిలో పెట్టుకుంది, అవి ఎటూ కదలకుండా.

"ఏంటే, అలా ఉన్నావు? ఉరుములేని పిడుగులాగా?" అన్నాడు అన్నయ్య. "కాలే కదా పోయింది. ప్రాణం నీ గంట నిలబెట్టింది."

"మోగలేదు అన్నయ్యా."

"ఏది?"

"గంట. మోగలేదు. నువ్వు పలకలేదని దానికి తెలియనే లేదు. ఎవరు ఎక్కువసేపు పలకలేదో వాళ్లని ముందు మర్చిపొమ్మని నేనే రాశాను. తెలిసి కాదు. కానీ రాసింది నేనే. వదిన ఫోన్ చేస్తే ఏమీ కాలేదని చెప్పింది కూడా నేనే. నిన్ను పట్టుకున్నది వదిన. నువ్వు చెప్పిన చేపల్ని గుర్తుపెట్టుకుంది."

ఆగకుండా, ఎప్పుడూ మాట్లాడే వేగంతోనే చెప్పేసింది.

అన్నయ్య ఆమె మొహంలోకి చూశాడు. జోకేస్తాడనుకుంది. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. అతను నెమ్మదిగా దుప్పటి చదునుగా ఉన్న చోటికి చూపు తిప్పాడు.

"కేకేసుండాల్సింది," అన్నాడు, ఆమెతో కాదు.



మంచం పక్కన బల్ల మీద ఫోన్ వెలిగింది. చార్జింగ్ ఎక్కి ప్రాణం పోసుకుంది. పోసుకోగానే పిడుగు నేర్పిన పాఠం ప్రకారం, తన మనిషి ఇంకా పనిలోనే ఉన్నాడని కొత్త సర్వర్‌కి చెప్పింది. దిగాను అని ఎవరూ నొక్కలేదు కదా. పగిలిన అద్దం మీద పచ్చ మీట వచ్చింది. బాగున్నారా? ఫోన్ బల్ల మీద వణికింది.

అన్నయ్య దాన్ని చూశాడు. చెయ్యి చాపితే అందే దూరమే. చెయ్యి కదలలేదు.

పిడుగు ఎదురుచూసింది. ఇప్పుడు నొక్కుతాడు, ఇప్పుడు నొక్కుతాడు. ఫోన్ మళ్లీ వణికింది. తను పెట్టిన ఓపిక ఎంతో ఆమెకి తెలుసు. అది అయిపోయింది. తెర ఎర్రబడింది, గది నిండా గంట మోగడం మొదలైంది. పెద్దగా, స్పష్టంగా, ఆ రోజు ఎలా మోగాలో అలా. వరండాలో ఎవరో నర్సు తల లోపలికి పెట్టి చూసింది.

పిడుగు ఫోన్ మోగింది. బోర్డు అక్క.

"ఏంటి తల్లీ ఇది, తమ్ముడు ఎర్రగా వచ్చాడు! నా గుండె ఆగినంత పనయింది. ఆస్పత్రిలోనే ఉన్నాడు కదా?"

"ఇక్కడే ఉన్నాడక్కా. ఫోన్ ఆన్ చేశాం, అందుకే."

"హమ్మయ్య. పక్కనే ఉన్నావుగా, ఒక్కసారి నొక్కమను, ఆగిపోతుంది."

పిడుగు బల్ల మీది ఫోన్ తీసి అన్నయ్య ముందు పట్టుకుంది. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నొక్కాడా?" అంది బోర్డు అక్క. "ఇంకా ఎర్రగానే ఉందమ్మా ఇక్కడ."

గంట మోగుతూనే ఉంది. దాన్ని ఆపాలంటే పనివాడే నొక్కాలి.